చూడని వాటి పట్టిక

మా అమ్మాయి జర్మనీలోని మ్యూనిక్ నగరంలో ఉద్యోగం చేస్తున్నది. రాబోయే దసరా సెలవులలో మా దంపతులను తన వద్దకు రమ్మని పిలిచింది. అంతవరకు బాగానే ఉన్నది. వచ్చినవారిని ఇంట కూర్చుండబెట్టడం మర్యాద కాదనుకొన్నదేమో, ఎనిమిది దినములలో పదకొండు నగరములు చూపే ప్రణాళిక నొకదానిని తయారుచేసి పంపింది. వెనిసు, ఫ్లారెన్సు, పీసా, రోము, ఇంకా ఎన్నో! చివరి నుండి రెండవ వరుసలో నేపుల్సు ఉన్నది. దానికి కేటాయించిన కాలము మూడున్నర గంటలు. పక్కన కుండలీకరణములలో “భోజనముతో సహా” అని ఉన్నది.

ముప్పది యేండ్లుగా తెలుగు జవాబుపత్రములు దిద్దుతున్న చేయి ఊరకుండదు గదా! ఎర్రసిరా కలము తీసికొని పది పేర్లు కొట్టివేసి, నేపుల్సు నొక్కదానిని ఉంచి, దాని కెదురుగా “నాలుగు దినములు” అని వ్రాసి తిరిగి పంపినాను. నాటినుండి మా యింట సంధి విగ్రహములు నడుస్తున్నవి. నా పక్షమున చెప్పదగినదేమో ఇక్కడ చెప్పుకొంటాను. దసరాకో, సంక్రాంతికో పిల్లలను వెంటబెట్టుకొని విహారయాత్రలకు బయలుదేరే ఉపాధ్యాయ మిత్రులకు ఇందులో కొంత పనికిరావచ్చును.

స్వల్పకాలపు యాత్రకు ప్రణాళిక వేయడమంటే చూడవలసిన వాటి పట్టిక వ్రాయడమని అందరూ అనుకొంటారు. నా మట్టుకు అది చూడకుండా విడిచిపెట్టవలసిన వాటి పట్టిక. ఈ జ్ఞానము నాకు గ్రంథములవలన కలుగలేదు, అవమానమువలన కలిగినది. చాలా యేండ్ల క్రిందట, ఆముక్తమాల్యద పాఠ్యభాగముగా ఉన్న సంవత్సరమున, నలుబది ముగ్గురు విద్యార్థులను హంపీకి తీసికొనిపోయినాను. ఆ సాయంకాలమే తుంగభద్ర ఆనకట్ట కూడా చూపవలెనన్న దురాశ నాది. విజయనగర రాజధానికి దక్కినది రెండు గంటలు. బస్సు డ్రైవరు హారను మ్రోగిస్తూ ఉండగా విఠలాలయపు రాతిరథము చుట్టూ ఒక ప్రదక్షిణము చేసి పరుగెత్తినాము. తిరిగివచ్చిన పిమ్మట యాత్రను గూర్చి వ్యాసము వ్రాయమన్నాను. వారిలో ముప్పది మందికి పైగా ఆనకట్ట దగ్గరి నీటిచిమ్ముల రంగు దీపములను, దారిలో తిన్న దోసెలను వర్ణించినారు. కృష్ణరాయలు ఇద్దరి వ్యాసములలో కనబడినాడు. ఆ ఇద్దరూ కూడా పుస్తకము చూచి వ్రాసినవారే. పిల్లల తప్పు ఏమున్నది? మార్కులు తీయవలసినది నాకు.

ఇక నేపుల్సే ఎందుకని అడుగుతారు. “నేపుల్సు చూడు, ఆ తరువాత చావు” అని అక్కడివారి సామెత. 1787లో ఆ నగరమునకు వచ్చిన జర్మన్ మహాకవి గేటే కూడా దీనిని తన యాత్రాగ్రంథములో పేర్కొన్నాడు. కాశీని గురించి మనవారు చెప్పే మాటలకు దగ్గరగా ఉన్నది గాని, నాకు ఇంకా పదవీవిరమణ కూడా కాలేదు కనుక ఆ సామెత నన్ను ఆకర్షించలేదు. నన్ను లాగుతున్నది ఒక జానెడు బొమ్మ.

1938లో పొంపేయి నగరపు త్రవ్వకములలో ఒక యింట ఏనుగు దంతముతో చెక్కిన స్త్రీమూర్తి దొరికినది. ఎత్తు సుమారు 25 సెంటీమీటర్లు. ఇరువైపులా ఇద్దరు పరిచారికలు, మెడనిండ హారములు, కాళ్లకు బరువైన కడియములు. చూడగానే మన దేశపు శిల్పమని చెప్పవచ్చును. లక్ష్మి అని కొందరు, యక్షి అని మరికొందరు అంటారు. తలపై నున్న రంధ్రమును బట్టి, ఇది ఏ బల్లకో మరే వస్తువుకో పిడిగానో కాలుగానో అమరి ఉండవచ్చునని ఊహించినారు. ఇటువంటి దంతపు బొమ్మలు మహారాష్ట్రలోని తేర్, భోకర్దన్ అను చోట్ల దొరికినవి. రెండును శాతవాహనుల నాటి పట్టణములు. క్రీ. శ. 79లో వెసూవియసు పర్వతము బ్రద్దలై పొంపేయిని బూడిదలో పూడ్చినది గనుక, ఈ బొమ్మ అంతకు ముందే సముద్రములు దాటిపోయినదన్నది నిర్వివాదము. ఇది నేడు నేపుల్సులోని జాతీయ పురావస్తు ప్రదర్శనశాల సొత్తు. తరగతిలో శాతవాహనుల పేరెత్తినప్పుడల్లా ఈ బొమ్మను వర్ణించినాను. ఒక్కసారియైనా కంటితో చూడలేదు. చూడని దానిని వర్ణించుట కవులకు చెల్లునేమో గాని, పంతులుకు ఎంతకాలమని చెల్లుతుంది?

“ఒక్క బొమ్మ కోసం ఒక రోజంతానా నాన్నగారూ?” అన్నది అమ్మాయి. ఒక్క బొమ్మ కోసము కాదు. ఆ ప్రదర్శనశాలలోనే అలెగ్జాండరు పర్షియా చక్రవర్తితో పోరాడుతున్న ప్రసిద్ధ చిత్రమున్నది. అది కుంచెతో వేసినది కాదు, పది లక్షలకు మించిన రాతి ముక్కలను పొదిగి కూర్చినది. పొంపేయిలో ఒక ధనవంతుని యింటి నేలపై పరచిన చిత్రమది. ఫార్నేసే వంశీయులు కూడబెట్టిన మహాశిల్పములూ అక్కడనే ఉన్నవి. వీటిని గంటలో ముగించువారు ముగించవచ్చును. నేను మాత్రము ఉదయమంతా ఉండి, బయటికి వచ్చి, ఏదైనా తిని, మరల లోపలికి పోదలచుకొన్నాను. ఒక మంచి పద్యమును ఒకసారి చదివి పుస్తకము మూసినవాడు దానిని చదివినట్లా?

ఇక్కడ తిథివార విచారము ఒకటి చేయవలసి ఉన్నది. మంగళవారము ప్రయాణము కూడదని మా అత్తగారి కాలము నుండి మా యింట నియమము. నేపుల్సులో మంగళవారము ప్రదర్శనశాలకు సెలవు. ముసుగు కప్పిన క్రీస్తు విగ్రహము గల సాన్ సెవేరో చిన్న ప్రార్థనామందిరమునకు కూడా సెలవే. 1753లో జుసెప్పె సన్మార్తీనో అను శిల్పి చెక్కిన ఆ విగ్రహముపై పలుచని వస్త్రము కప్పినట్లుండును, ఆ వస్త్రమును రాయే. దానికి చాలా ముందుగా టిక్కెట్టు తీసికొనవలెను, ఫోటోలు తీయనివ్వరు. (తీయనివ్వకపోవుట ఎంత మేలు! జనము కనీసము కన్నులతో చూస్తారు.) కనుక మంగళవారమును సముద్రమునకు విడిచినాను. పదకొండు నగరముల పట్టికలో ఇటువంటి వివరములు ఎవరూ చూడరు. తలుపు మూసియున్న మందిరము ముందు నిలబడి ఫోటో తీయించుకొని వచ్చినవారిని నేనెరుగుదును.

మంగళవారము పోదలచినది పొజ్జువోలీ అను రేవుపట్టణము. నగరము నుండి రైలులో కొద్దిసేపటి ప్రయాణము. పుటియోలీ అను పేరుతో ఇది రోమక సామ్రాజ్యపు మహా రేవుగా ఉండేది. అలెగ్జాండ్రియా నుండి వచ్చే ఓడలు ఇక్కడ ఆగేవి. ఎర్రసముద్రము మీదుగా ఈజిప్టు చేరిన మన మిరియములు, నూలుబట్టలు ఆ ఓడలలోనే రావలెను. ఒకటవ శతాబ్దములో గ్రీకు భాషలో వ్రాసిన నావికుల మార్గదర్శి యొకటి మన తూర్పు తీరపు ‘మసాలియా’లో సన్నని నూలుబట్టలు విస్తారముగా నేస్తారని చెబుతున్నది. అది మచిలీపట్టణపు ప్రాంతమని పండితులు గుర్తించినారు. ఇండియా వస్తువులకై యేటేటా ఐదు కోట్ల సెస్టెర్సుల ధనము తరలిపోతున్నదని రోమక పండితుడు ప్లీనీ వాపోయినాడు. వెసూవియసు బ్రద్దలైన దినమున ఈ అఖాతమునందే, నౌకాదళపు అధిపతిగా జనమును రక్షింపబోయి ప్రాణములు విడిచినవాడు ఆ ప్లీనీయే. బట్టల కర్చు గూర్చి కోప్పడిన పెద్దమనిషిపై నాకు ఒకింత గౌరవము కలుగుటకు ఇది కారణము.

పొజ్జువోలీ నడిబొడ్డున మూడు పాలరాతి స్తంభములున్నవి. ఒకప్పుడు సెరాపిస్ దేవాలయమని భ్రమపడినారు, నిజమునకు అది అంగడి. ఆ స్తంభముల మొదట నున్నగా ఉన్న రాయి, మనిషి నిలువెత్తు దాటిన చోట పట్టెడంత మేర చిల్లులు పడి ఉన్నది. ఆ చిల్లులు సముద్రములో రాతిని తొలిచే ఆల్చిప్పల జాతి ప్రాణులు చేసినవి. అనగా నేల క్రుంగి స్తంభములు కడలిలో మునిగినవి, మరల పైకి లేచినవి, విరుగకుండా నిలిచినవి! 1830లో వెలువడిన చార్లెస్ లైయెల్ భూగర్భశాస్త్ర గ్రంథపు ముఖచిత్రముగా ఈ స్తంభములనే వేసినారు. నేల ఇప్పటికిని ఊపిరి పీల్చి విడుచుచున్నట్లు ఎత్తు మారుతూనే ఉన్నది. 1982–84 నడుమ సుమారు ఆరడుగులు పైకి లేచినది. 2024, 2025 సంవత్సరములలో తీవ్రత 4 దాటిన భూకంపములు వచ్చినవి. సైన్సు మాష్టర్లు ఒక సంవత్సరము చెప్పే పాఠము మూడు స్తంభములలో ఉన్నది. చూచుటకు అరగంట చాలును. తక్కిన కాలము మా ఆవిడ కోరిక ప్రకారము సముద్రపు టొడ్డున కూర్చుండుటకు. ఆమె కోరినది ఇదొక్కటే. మోకాళ్ల నొప్పి గల మనిషి మెట్లు లేని చోటును కోరుట అల్పమైన కోరికగా ఎంచరాదు.

ఆ మోకాళ్లే నన్ను అన్నిటికంటె పెద్ద త్యాగమునకు పురికొల్పినవి. పొంపేయిని విడిచిపెట్టినాను. విన్నవారు నన్ను పిచ్చివానిని చూచినట్లు చూస్తున్నారు. నేపుల్సుకు పోయి పొంపేయి చూడకపోవుటా? ఆగ్రాకు పోయి తాజమహలు చూడకుండ వచ్చినట్లు గదా! కారణములు చెబుతాను. పొంపేయి 66 హెక్టార్ల నగరము. అందు మూడవ వంతు ఇంకా త్రవ్వనేలేదు, అయినను త్రవ్వినంతలో నడువవలసిన దూరము తక్కువ కాదు. ఎగుడుదిగుడు రాళ్లు పరచిన వీధులు, నీడ తక్కువ. జనము తాకిడికి తట్టుకొనలేక 2024 నవంబరు నుండి దినమునకు 20,000 మందికి మించి రానీయడములేదు. టిక్కెట్టుపై ఎవరి పేరు వారికి వ్రాయవలెను. ఇరువది వేలు పరిమితి అయినచోట ఏకాంతముగా నిలిచి ఆలోచించుట ఎట్లు?

దాని బదులు హెర్క్యులేనియమునకు పోతాము. అదే పర్వతము, అదే విలయము, కాని ఊరు చిన్నది. నేపుల్సు నుండి వెసూవియసును చుట్టిపోయే చిన్న రైలులో పొంపేయికంటె ముందుగానే వస్తుంది. పొంపేయిపై కురిసినది ముఖ్యముగా బూడిద, నురుగురాయి. హెర్క్యులేనియమును కప్పినది నిప్పులవంటి వాయువు, ధూళి కలిసిన ప్రవాహము. అది ఇరువది మీటర్ల లోతున ఊరిని గడ్డకట్టించినది. అందువలన కొయ్య కాలి బూడిద కాక బొగ్గుగా నిలిచినది. తలుపులు, మంచములు, ఊయల, మేడమీది గదులు మిగిలినవి. 1980 తరువాత పాత సముద్రతీరమున పడవల కొట్టములలో సుమారు మూడు వందల మంది అస్థిపంజరములు బయటపడినవి. పడవ వచ్చునని ఎదురుచూచినవారు. ఇంతమంది అక్కడ ఉన్నారని ఎరిగి కూడా నేను పోతున్నాను. యాత్ర అంతా వేడుకగా ఉండవలెనని ఎవరన్నారు?

తెలుగు పంతులును ఆ ఊరికి లాగేది మరొకటి ఉన్నది. 1750 ప్రాంతమున ఆ ఊరి వెలుపల ఒక భవనము దొరికినది. అందులో సుమారు 1,800 పపైరసు చుట్టలు, తునకలు ఉన్నవి. అన్నియు బొగ్గు. పనివారు తొలుత బొగ్గు అనుకొని కొన్నిటిని పారవేసినారని కూడా చెబుతారు. ప్రాచీన ప్రపంచము నుండి ఒక గ్రంథాలయము గ్రంథాలయముగా మనకు దక్కినది ఇదొక్కటే. పియాజియో అను మతాచార్యుడు వాటిని దారములతో వ్రేలాడదీసి మెల్లమెల్లగా విప్పే యంత్రము నొకదానిని కనిపెట్టినాడు. విప్పిన వానిలో పెక్కు ఫిలోడెమస్ అను తత్త్వవేత్త వ్రాసినవి. విప్పబూనితే పొడియయ్యే చుట్టలు వందలు మిగిలినవి. వాటిని విప్పకుండనే, ఎక్సుకిరణములతో పొరపొర చిత్రించి, కంప్యూటరుచేత సిరా జాడను పట్టించే పద్ధతి ఇటీవల వచ్చినది. 2023లో ఒక కాలేజీ విద్యార్థి అట్లు మూసియున్న చుట్టలో ఒక మాట చదివినాడు. ‘ఊదారంగు’ అని అర్థము గల గ్రీకు మాట అది. మరుసటి యేడు ముగ్గురు యువకులు కలిసి కొన్ని పుటలనే వెలికితీసినారు. విద్యార్థులారా, ఈ వాక్యమును రెండుసార్లు చదువండి. రెండువేల యేండ్లు మూగవోయిన పుస్తకమును మాట్లాడించినవారు మీ యీడువారు.

మన తాటాకు గ్రంథముల మాట ఎత్తకుండ ఉండలేను. అగ్నిపర్వతమేమియు లేదు, చెదపురుగు చాలినది. బ్రౌను దొర జీతమిచ్చి వ్రాయించి కూర్చినవి మద్రాసు ప్రాచ్యలిఖిత గ్రంథాలయమునకు చేరి బ్రతికినవి. ఆయన చేయి పడని ఊళ్లలో అటకలమీద ఏమేమి పోయినవో! బొగ్గయిన పుస్తకమునకు దేశదేశముల యువకులు పోటీపడుతున్నారు, పచ్చిగా ఉన్న పుస్తకమును మనము త్రాసులో తూచి అమ్ముకొన్నాము. ఆ చుట్టలు నేపుల్సులో రాజభవనమునందలి జాతీయ గ్రంథాలయములో ఉన్నవి. చూడనిస్తారేమో వ్రాసి కనుక్కొమ్మని అమ్మాయికి చెప్పినాను.

తక్కిన ఏర్పాట్లను గూర్చి ఎక్కువ వ్రాయను. మేము ఎక్కువ దినములు ఉండేది జర్మనీలో గనుక వీసా ఆ దేశమువారినే అడుగవలెను; ముప్పది వేల యూరోలకు తక్కువ కాని వైద్యబీమా ఉండవలెను. ఏ దినము ఎక్కడ ఉంటారో వ్రాసి ఇమ్మని వారు కోరుతారు. దీనిని చాలమంది వేధింపు అంటారు గాని, మన యాత్రికులను తేదీల వారీగా ఆలోచింపజేసేవాడు ఆ వీసా గుమాస్తా ఒక్కడే. 1830లో చెన్నపట్టణము నుండి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు ప్రతి మజిలీలో దొరికేవి, దొరకనివి వ్రాసి పెట్టుకొన్నారు. ఆయనను ఏ గుమాస్తా అడిగినాడు?

బసకు పాత నగరమున గది చూస్తున్నాము, లిఫ్టు ఉన్నదో లేదో ముందుగా అడిగి. పాత నగరపు వీధులు గ్రీకులు గీచిన గీతలమీదనే ఇప్పటికిని నడుస్తున్నవి. ఊరి పేరునకే ‘కొత్త పట్టణము’ అని అర్థము. రెండు వేల అయిదు వందల యేండ్లుగా అది కొత్తదే. మురికి ఊరనీ, జేబుదొంగల ఊరనీ భయపెట్టేవారు చాలమంది. 2008లో చెత్త పేరుకొనిపోయి ప్రపంచమంతా ముక్కు మూసుకొన్న మాట నిజమే. ఆ ఊరే 1943 సెప్టెంబరు చివర నాలుగు దినములు వీధివీధిన తిరగబడి జర్మను సైన్యమును వెళ్లగొట్టినది, అదియు నిజమే. భోజనము బెంగ లేదు. టమాటా, వెల్లుల్లి, నూనె వేసి కాల్చే ‘మరినారా’ పిజ్జాలో జున్ను కూడా ఉండదు. పొంపేయి ప్రజలు టమాటాను కంటితో చూడలేదు. మనకు మిరపకాయవలె వారికి అది తరువాత అమెరికా నుండి వచ్చిన చుట్టము. కాఫీ దుకాణములో తాను త్రాగినదానితోపాటు ఇంకొక కాఫీకి డబ్బు కట్టిపోయే ఆచారము ఆ ఊరిది. తరువాత వచ్చిన పేదవాడు అది త్రాగుతాడు. ఒక కాఫీకి నేనును కట్టదలచినాను.

భాష మాట కూడ చెప్పవలెను. తెలుగును తూర్పుదేశపు ఇటాలియను అనే పొగడ్తను సభలలో నేను వందసార్లు విన్నాను, నాలుగైదు సార్లు నేనే అన్నాను. అన్నవారిలో ఎందరు ఒక ఇటాలియను మాట విన్నారు? నేపుల్సు వీధి మాండలికములో పదము చివరి అచ్చు నాలుకకు అందీ అందకుండ మాసిపోతుందట. అజంత భాష అజంత భాష అని చంకలు కొట్టుకొనేవాడు మొట్టమొదట దిగవలసిన ఊరు అదియే.

ఈ విధముగా నాలుగు దినములు నిండినవి. కాప్రీ ద్వీపము లేదు, వెసూవియసు ఎక్కుట లేదు, సొరెంటో లేదు, పొంపేయి లేదు. ప్రణాళికను సాపుగా వ్రాసి గత ఆదివారము అమ్మాయికి పంపినాను. పదకొండు నగరముల వాదమును అది విడిచినది. జవాబు మాత్రము ఒక్క వాక్యమే: “నాన్నగారూ, మీ బొమ్మ దొరికిన ఇల్లు పొంపేయిలోనే గదా ఉన్నది, ఆ ఇల్లు చూడకుండానే వస్తారా?”

ఆ ఉత్తరమును మా ఆవిడకు చదివి వినిపించినాను. ఆమె కొత్త బూట్లు అలవాటు చేసికొనుటకు రోజూ ఉదయము మా వీధిలో రెండు చుట్లు తిరుగుతున్నది. “నన్ను సముద్రము దగ్గర కూర్చోబెట్టి మీరొక్కరూ పోయి రండి,” అన్నది. అప్పుడు నాలుగు దినములలో ఒకటి కొట్టివేయవలెను. ఎర్రసిరా కలము బల్లమీదనే ఉన్నది. అమ్మాయికి ఇంకను జవాబు వ్రాయలేదు.